అరగంటలో సైలెన్సర్

మా మావయ్య దృష్టిలో లోకంలోని పనులన్నీ అరగంట పనులే, అవన్నీ తన చేత్తో తను చేసుకోవాల్సినవే. కుళాయి వాషర్ మార్చడం అరగంట. తలుపు బందులు సరిచేయడం అరగంట. పక్కింటివాళ్ళు మేడ మీద గది కట్టిస్తుంటే కాసేపు చూసి, "దీనికి ఇంతమంది ఎందుకో, అరగంట పని" అని పెదవి విరిచాడు. తన ఇంట్లో కానీ, తన బండి మీద కానీ పరాయి చెయ్యి పడితే ఆయనకి ఒళ్ళంతా చీమలు పాకినట్టు ఉంటుంది.

ఆ అరగంటకీ గోడ గడియారంలో అరగంటకీ చుట్టరికం లేదు. వంటింటి ఫ్యాను విప్పిన అరగంట శనివారం పొద్దున మొదలై ఆదివారం సాయంత్రం ముగిసింది. అత్తయ్య దగ్గర దీనికో లెక్క ఉండేది. ఆయన అరగంట అంటే ఆరింతలు చేసుకోవాలి. మావయ్య పనిముట్ల పెట్టె మూత తీసిన చప్పుడు వినపడగానే ఇక ఇప్పట్లో భోజనాలుండవని ఆవిడ పొయ్యి ఆర్పేసి, కూరలు మూతపెట్టి, పుస్తకం పట్టుకుని కూర్చునేది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆలస్యమైనా ఆయన బిగించింది మళ్ళీ ఊడదు. ఎందుకు ఊడుతుంది? ఊరికి నీళ్ళిచ్చే పంపుహౌసులో ఇరవయ్యేడేళ్ళుగా ఆయన ఉద్యోగమే అది. గొట్టానికీ గొట్టానికీ మధ్య గాస్కెట్ వేసి, చుక్క కారకుండా బిగించడం.

"మీ మావయ్య బిగిస్తే చచ్చినా ఊడదే" అనేది అత్తయ్య. "మా పెళ్ళి చూడు, ఎన్నిసార్లు లాగినా రాలేదు."

వీధిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అరగంటగారు అనేవారు. ఉత్తరాలు పంచే ఆయన కొత్తగా వచ్చినప్పుడు మా ఇంటి ముందు నిలబడి, "అరగంటగారి ఇల్లు ఇదేనాండీ?" అని మావయ్యనే అడిగాడు. మావయ్య ఏమాత్రం నొచ్చుకోకుండా సంతకం పెట్టి ఉత్తరం తీసుకున్నాడు.

నేను ఆ ఇంట్లో చేరింది ఉద్యోగం కోసం. ఆ ఊళ్ళో ఒక మోటారు సైకిళ్ళ షోరూమ్‌లో సర్వీసు కౌంటరు దగ్గర కూర్చుని, వచ్చిన బండికల్లా ఏమేం చేయాలో జాబ్ కార్డు రాయడం నా పని. ఈ సంగతి విని మావయ్య నొచ్చుకున్నాడు. ఆయన లెక్కలో షోరూమ్ అంటే రెండు చేతులూ బాగున్నవాళ్ళు చేతులు కట్టుకుని సోఫాలో కూర్చునే చోటు.

"ఇంకే ఉద్యోగమూ దొరకలేదుటే?" అన్నాడు ఎంతో దయగా.

ఆ ఏడే మావయ్య బండి సైలెన్సర్ తుప్పు పట్టి, కింద వేలు దూరేంత చిల్లు పడింది. ఎలాగూ మార్చాలి కదా అని, పాతరకం కాకుండా ముందు నుంచి వెనక దాకా కొత్త ఎగ్జాస్ట్ మొత్తం కొనుక్కొచ్చాడు. తళతళలాడే స్టీలు పైపు. దాని చప్పుడు గంభీరంగా ఉంటుందని, బండి చురుగ్గా పోతుందని దుకాణంవాడు చెప్పాడట. దాన్ని సోఫాలో, సాక్షాత్తూ నా పక్కన పడుకోబెట్టాడు.

"మావయ్యా, బండి మా షోరూమ్‌కి పంపు" అన్నాను. "నలభై నిమిషాల పని. మా కార్డులోనే రాసి ఉంటుంది. ఏ నట్టు ఎంత బిగించాలో కొలిచే పానా ఉంటుంది మా దగ్గర. రేపేదైనా తేడా వస్తే వాళ్ళదే పూచీ. నిలదీసి అడగడానికి ఒక మనిషి ఉంటాడు."

"నలభై నిమిషాలా? నాకు అరగంట."

"నీ అరగంట సంగతి ఊరందరికీ తెలుసు."

"చూడు అమ్మడూ. మీవాళ్ళు మంచి పనివాళ్ళే, కాదనను. కానీ రోడ్డు మధ్యలో ఏదైనా ఊడితే మీవాళ్ళు ఉంటారా అక్కడ? నేనుంటాను. ఏ బోల్టు ఎక్కడుందో బిగించినవాడికే తెలుస్తుంది. బండి నాది, బోల్టు నాది, నలిగే వేలు కూడా నాదే."

"వేలికి కట్టు కట్టేది మాత్రం నేను" అంది అత్తయ్య లోపల్నుంచి.

ఇక్కడ మా ఎదురింటి మేస్త్రి గురించి చెప్పాలి. ఇంటి ముందే రేకుల షెడ్డు వేసుకుని ముప్పయ్యేళ్ళుగా బండ్లు బాగుచేసిన మనిషి. ఆ చుట్టుపక్కల నాలుగు వీధుల్లో ఆయన చెయ్యి పడని బండి లేదు, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటీ షెడ్డుకి సరిగ్గా ఎదురుగా, ఇరవై అడుగుల దూరంలో, ముప్పయ్యేళ్ళుగా మా మావయ్య చేతిలో విప్పబడుతూ బిగించబడుతూ ఆయన కళ్ళ ముందే నిలబడి ఉండేది. మేస్త్రికి అది పంటిలో ఇరుక్కున్న పీచులాంటిది. "ఏమయ్యా పంపుహౌసూ, ఇంకా అరగంట కాలేదా?" అని రోడ్డు అవతల నుంచి రోజూ ఒక కేక వేసి కానీ షెడ్డు మూసేవాడు కాదు. మావయ్య తల కూడా తిప్పకుండా, "అయిపోవచ్చింది మేస్త్రీ" అనేవాడు. ఇద్దరి స్నేహమూ, శత్రుత్వమూ ఆ రెండు మాటల్లోనే ఉండేవి.

సైలెన్సర్‌కి చిల్లు పడడానికి రెండు నెలల ముందు మేస్త్రికి పక్షవాతం వచ్చింది. కుడికాలు కొంత తేరుకుంది, కర్రతో నడవగలడు. కుడిచెయ్యి సగం పనిచేస్తుంది. మాట మాత్రం దెబ్బతింది. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు కాఫీ అడగబోతే ఆయన నోట్లోంచి "చక్రం" అని వచ్చింది. చూడ్డానికి వచ్చినవాళ్ళలో ఎవడో బుద్ధిలేనివాడు కిసుక్కున నవ్వాడు. అంతే, ఆ రోజు నుంచి మేస్త్రి నోరు మూసేశాడు. వరండాలో కుర్చీని వీధి వైపు నుంచి గోడ వైపు తిప్పుకుని కూర్చున్నాడు. షెడ్డు తలుపులు తెరవలేదు.

ఒక సాయంత్రం మేస్త్రి భార్య మా వంటింట్లో కూర్చుని అత్తయ్యతో చెప్పుకుని ఏడ్చింది. "మాట లోపలే ఉందిట వదినా. వాడుతూ ఉంటే దారి పడుతుందిట. ఈ నాలుగైదు నెలలే ముఖ్యం, వాడకపోతే ఇక అలాగే ఉండిపోతుందన్నారు డాక్టరుగారు. మాట నేర్పే అమ్మాయి వారానికి మూడుసార్లు వస్తోంది. పిల్లి బొమ్మ చూపించి ఇదేమిటి, చిలక బొమ్మ చూపించి ఇదేమిటి అంటుంది. ఈయన అసలు ఆ అమ్మాయి వైపు చూడరు. నేనేం చెయ్యను?"

ముప్పయ్యేళ్ళు ఇంజన్లు విప్పిన మనిషికి పిల్లి బొమ్మ చూపిస్తే మరి చూస్తాడా. మావయ్య ఆ పక్కనే నేల మీద కూర్చుని మిక్సీ విప్పుతున్నాడు. "ఆ చిన్న స్క్రూడ్రైవర్ ఇటు ఇయ్యవే" అన్నాడంతే. ఈయనకి గుండె ఉందా లేక అక్కడా గాస్కెటేనా అనుకున్నాను.

ఆ ఆదివారం సైలెన్సర్ మార్పిడి మొదలైంది. ఎప్పుడూ మా వాకిట్లో పనిచేసే మనిషి, బండిని రోడ్డు దాటించి మేస్త్రి ప్రహరీ పక్కన నిలబెట్టాడు. అదేమిటంటే, "నీడ అక్కడుంది" అన్నాడు. నీడ అక్కడ నిజంగానే ఉంది కాబట్టి నేనేమీ అనలేదు.

పాత సైలెన్సర్ ఊడదీసేసరికి పదకొండయింది. కొత్త పైపుని ఇంజను నుంచి పొడుచుకొచ్చిన రెండు స్టడ్ల మీద, అంటే మర మేకుల మీద, కూర్చోబెట్టి రెండు నట్లు బిగించాలి. పైపుకీ ఇంజనుకీ మధ్య బొటనవేలి ఉంగరమంత గాస్కెట్ ఒకటి పెట్టాలి, లేకపోతే పొగ సందుల్లోంచి తన్నుకొస్తుంది. సర్వీసు కౌంటరు దగ్గర కూర్చునే నాకే తెలిసిన సంగతి ఇది. మావయ్య గాస్కెట్‌ని గట్టు మీదే మరిచిపోయి పైపు బిగించేశాడు. బండి స్టార్టు చేస్తే వీధిలో సీమటపాకాయలు పేలినట్టయింది. పక్క వాటాలో దర్జీ కొలతల టేపు మెడలో వేసుకుని బయటికి పరిగెత్తుకొచ్చాడు.

గోడ వైపు తిరిగి కూర్చున్న మేస్త్రి కర్రతో నేల మీద రెండుసార్లు కొట్టాడు. తల మాత్రం తిప్పలేదు.

"ఇదేంటో మరి, చప్పుడు కొంచెం ఎక్కువగా ఉంది" అన్నాడు మావయ్య గట్టిగా. తనలో తను మాట్లాడుకునేవాళ్ళు ఎవరూ అంత గట్టిగా మాట్లాడరు. "వచ్చే ఆదివారం చూద్దాం. అరగంట పని."

రెండో ఆదివారం గాస్కెట్ పెట్టాడు. కానీ ఒక నట్టుని మొదలంటా బిగించేసి, రెండోదాన్ని వదులుగా వదిలేశాడు. రెండూ సమంగా, మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించకపోతే పైపు ఒక పక్కకి ఒరిగిపోతుంది. ఒరిగిపోయింది. కుర్చీ కిర్రుమంది. చూస్తే మేస్త్రి సగం ఇటు తిరిగి ఉన్నాడు. మెడ నరాలు పొంగాయి. పెదవులు వణికాయి. "గా... గా..." అన్నాడు. లోపల్నుంచి ఆయన భార్య చేతిలో గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"గా... గాడిద" అన్నాడు మేస్త్రి స్పష్టంగా.

ఆవిడ గరిటె వదిలేసి ఆయన ముందు కూలబడింది. "ఏమండీ, ఇంకోసారి అనండి. మళ్ళీ అనండి."

"గాడిద" అన్నాడాయన మా మావయ్యనే చూస్తూ.

ఆవిడ ఏడుస్తూ నవ్వింది. మా మావయ్యని గాడిద అన్నందుకు ఒక ఇల్లాలు అంత ఆనందపడడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. సాయంత్రం మా ఇంటికి స్వీట్లు కూడా పంపింది. అత్తయ్య ఒకటి నోట్లో వేసుకుని, "ముప్పయ్యేళ్ళుగా నేనంటున్నాను, నాకెవరూ పెట్టలేదు" అంది.

ఇక అక్కడి నుంచి ఆదివారాలు మా వీధికి వినోదమైపోయాయి. మూడో ఆదివారం మావయ్య గాస్కెట్‌ని మడత పడేలా పెట్టాడు. మేస్త్రి, "గాడిద, తియ్" అన్నాడు. నాలుగో ఆదివారం వెనక బోల్టుని ముందే బిగించేసి, ముందు పైపు అందడం లేదని సుత్తి తీశాడు. మేస్త్రి కర్ర ఊపుకుంటూ వరండా దిగి వచ్చి, "సుత్తి... సుత్తి కింద పెట్టు. ముందు ముందుది. తరవాత వెనకది" అన్నాడు. అందులో "తరవాత" అనే మాట కోసం నిమిషం పైగా వెతుక్కున్నాడు. మావయ్య సుత్తి ఎత్తి పట్టుకుని ఆ నిమిషమంతా కదలకుండా నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు. దర్జీ కూడా ఊపిరి బిగబట్టాడు. అయిదో ఆదివారానికి ప్రహరీ గేటు దగ్గర మేస్త్రికి స్టూలు వేశారు.

మేస్త్రి బాగుపడుతున్నందుకు నాకు సంతోషమే. కానీ నా పరువు సంగతేమిటి? మా షోరూమ్ విడిభాగాల కౌంటర్లో గాస్కెట్ అడగడం అయిదోసారి అయింది. ఆ కౌంటరతను ఇస్తూ ఇస్తూ, "మీ మావయ్యగారు వీటిని తింటున్నారా అండీ?" అన్నాడు. మా మేనేజరు జాబ్ కార్డుల మీంచి తల ఎత్తకుండా, "సర్వీసు కౌంటరమ్మాయి ఇంట్లో బండికి సర్వీసు జరగడం లేదన్నమాట" అన్నాడు. బండి ఎప్పుడూ సగం విప్పి ఉండడంతో మావయ్య పంపుహౌసుకి బస్సులో వెళ్ళి వస్తున్నాడు. వీధిలో పిల్లలు కూడా అరగంటగారు మానేసి, ఇంకో పేరు పెట్టడం మొదలుపెట్టారు. నా మావయ్యని నేను ఏమైనా అంటాను, పరాయివాళ్ళు అంటే నాకు పడదు.

ఆరో ఆదివారం కూడా పైపు పక్కకే ఒరిగింది. ఇక లాభం లేదనుకున్నాను. ఆ తరవాతి శనివారం మావయ్య డ్యూటీకి వెళ్ళగానే, మా షోరూమ్ పెద్ద మెకానిక్‌ని బతిమాలి తీసుకొచ్చి బండి షోరూమ్‌కి పట్టించుకుపోయాను. అత్తయ్య తాళం చెవి చేతిలో పెట్టి, "శుభం, నేను కూడా తలెత్తుకుని వీధిలోకి వెళ్ళాలి" అంది. ముప్పై ఎనిమిది నిమిషాల్లో పని పూర్తయింది. గడియారం చూసుకుని మరీ చెబుతున్నాను.

పెద్ద మెకానిక్ చేతులు తుడుచుకుంటూ ఒక విచిత్రమైన మాట అన్నాడు. "ఇది విప్పినాయన ఎవరండీ? నట్లన్నీ శుభ్రంగా తుడిచి నూనె రాసి ఉన్నాయి. ఆరుసార్లు విప్పినా స్టడ్డు మర ఒక్కటి చెడలేదు. ఇంత పొందిగ్గా విప్పడం వచ్చినవాడికి బిగించడం రాదంటే నేను నమ్మను."

"మా మావయ్య మీకు తెలీదులెండి" అన్నాను తెలివిగా.

ఆదివారం పొద్దున మావయ్య యథాప్రకారం బండిని రోడ్డు దాటించాడు. ఎదురుగా గేటు తీసుకుని మేస్త్రి వచ్చాడు. ఆ రోజు ఆయన పాత ఖాకీ చొక్కా వేసుకున్నాడు, ఇస్త్రీ చేసింది. ఎడమచేతిలో కర్ర. కుడిచేతిలో పానా. ఆ చేతి వేళ్ళు దాన్ని పూర్తిగా చుట్టుకోలేదు, అయినా పడిపోకుండా పట్టుకుని ఉన్నాయి. వారమంతా అది పట్టుకోవడం అభ్యాసం చేశారని వెనక నుంచి ఆయన భార్య అత్తయ్యతో చెబుతోంది.

మావయ్య అలవాటుగా ముందు ఒకసారి కిక్కు కొట్టాడు. బండి మెత్తగా, గంభీరంగా, ఒక్క పొల్లు చప్పుడు లేకుండా మోగింది. అది ఎంత బాగా మోగిందంటే, నేను చప్పట్లు కొట్టబోయాను.

మేస్త్రి తల వంచి కాసేపు విన్నాడు. పానా వైపు చూసుకున్నాడు. "బాగుంది" అని, మెల్లగా వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు. వరండాలో కుర్చీ జరిగిన చప్పుడైంది. చూస్తే మళ్ళీ గోడ వైపు.

మావయ్య బండి ఆపి మా మెట్ల మీద కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు.

"ఎవరు చేశారే?"

"మా షోరూమ్‌లో. ముప్పై ఎనిమిది నిమిషాలు."

"బాగా చేశారు" అన్నాడు. షోరూమ్‌ని ఆయన మెచ్చుకోవడం అదే మొదటిసారి, ఆ మెప్పులో ప్రాణం లేదు. "ఇవాళ కుడిచేత్తో నట్టు ఎక్కించి చూపిస్తానన్నాడే మేస్త్రి. వారం రోజులుగా చెబుతున్నాడు."

అప్పటికి కానీ నా బుర్రకి తట్టలేదు. పంపుహౌసు. ఇరవయ్యేడేళ్ళు. మంచం అంత గొట్టాలకి గాస్కెట్లు వేసి చుక్క కారనివ్వని మనిషి. అంగుళం పైపు దగ్గర ఆరు వారాలు. రోజూ బండ్లకి జాబ్ కార్డులు రాసే నాకు, ఇంట్లో మనిషి చేస్తున్న జాబేమిటో తెలియలేదు.

"మావయ్యా, నీకు ఇది పెట్టడం వచ్చు."

"మెల్లగా మాట్లాడవే."

"వీధి వీధంతా గాడిద అంటుంటే పడి ఉన్నావా?"

"అంటే అన్నారు, ఊడిపోయిందేముంది? ఒక్కో తిట్టుకీ నాలుగేసి మాటలు వస్తున్నాయి వాడికి. పిల్లి బొమ్మ చూపిస్తే ఎవడు మాట్లాడతాడే? తప్పు కనపడితే మెకానిక్ అన్నవాడు నోరు మూసుకుని ఉండలేడు. అది నాకు తెలుసు." ఎదురింటి వైపు ఓ చూపు వేసి, "మేస్త్రికి మాత్రం ఈ జన్మలో తెలియకూడదు. నేను జాలిపడ్డానని తెలిస్తే మళ్ళీ నా మొహం చూడడు" అన్నాడు.

"సరే అయితే, మళ్ళీ విప్పెయ్."

"బాగున్నదాన్ని నేనెందుకు విప్పుతాను? వెంటనే పట్టేస్తాడు."

తప్పు చేసింది నేను. ఆ మేస్త్రి గోడ వైపు తిరిగి కూర్చున్న వీపు నాకు మా మెట్ల మీంచి కనపడుతూనే ఉంది. పనిముట్ల పెట్టె ఎత్తుకున్నాను.

"నువ్వెక్కడికే? నీకు పానా ఎటు పట్టుకోవాలో తెలుసా?"

"తెలీదు" అన్నాను. "అదే కదా కావలసింది."

రోడ్డు దాటి బండి ముందు గొంతుక్కూర్చున్నాను. జీవితంలో మొదటిసారి ఒక నట్టుకి పానా తగిలించాను. తప్పులు నటించాల్సిన అవసరం నాకు లేకపోయింది. మొదటి నిమిషంలోనే, అప్పుడే ఆగిన ఇంజను పైపు ఎంత వేడిగా ఉంటుందో మరిచిపోయి దాన్ని చేత్తో పట్టుకున్నాను. నా కేకకి దర్జీ బయటికొచ్చాడు.

నా కేక కన్నా పెద్ద కేక వరండాలోంచి వినపడింది. "చల్లారనియ్యి గాడిదా!"

కర్ర టకటకలాడుతూ మేస్త్రి వచ్చేశాడు. వస్తూ దారంతా తిడుతూనే ఉన్నాడు. "వేడి పైపు పట్టుకుంటావా? షోరూమ్‌లో... షోరూమ్‌లో కార్డులు రాస్తావు కానీ ఆ మాత్రం తెలియదా? ముందు నీళ్ళు పోసుకో. చెయ్యి చూపించు. బాగున్న నట్టు ఎందుకు విప్పుతున్నావు అసలు?"

ఇన్ని మాటలు ఒక్కసారిగా ఆయన నోట్లోంచి రావడం పక్షవాతం వచ్చాక అదే మొదలు. ఆయనకి తెలియలేదు, మాకందరికీ తెలిసింది. నేను చేతి మీద నీళ్ళు పోసుకుంటూ, "నేర్చుకోవాలని ఉంది మేస్త్రిగారూ. మావాళ్ళు చేశారు కానీ ఎలా చేశారో నాకు తెలియదు" అన్నాను. అది అబద్ధం కూడా కాదు.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. స్టూలు తెప్పించుకున్నాడు. పైపు చల్లారాక నట్లు విప్పించాడు, కొత్త గాస్కెట్ పెట్టించాడు. "ముందు చేత్తో ఎక్కించు. పానా తరవాత. మర... మర పట్టిందో లేదో వేలికే తెలుస్తుంది, ఇలా" అని, నట్టు తన కుడిచేతి వేళ్ళతో తీసుకున్నాడు. అది జారి కింద పడింది. మావయ్య వంగి తీసి ఇచ్చాడు. మళ్ళీ పడింది. మళ్ళీ తీసి ఇచ్చాడు. మూడోసారి మేస్త్రి నాలుక కరుచుకుని, ఊపిరి బిగబట్టి, నట్టుని స్టడ్డు మీద ఆనించి తిప్పాడు. మర పట్టింది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టు తిరిగింది.

మేస్త్రి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, చేతి మంట అని చెప్పి తుడుచుకున్నాను.

"అరగంట పనికి ఇంతసేపా మేస్త్రీ?" అన్నాడు మావయ్య.

"నువ్వు నోరు మూసుకో పంపుహౌసూ" అన్నాడు మేస్త్రి, ఎక్కడా తడబడకుండా.

మూడున్నర గంటలు పట్టింది మాకు. బండి స్టార్టు చేస్తే ఒక పక్క కొంచెం పొగ కారుతూనే ఉంది. మేస్త్రి తృప్తిగా తల ఊపి, "ఇంకో ఆదివారం పడుతుంది దీనికి" అన్నాడు.

ఆ తరవాత కొన్నాళ్ళకి షెడ్డు తలుపులు తెరుచుకున్నాయి, ఆదివారాలు మాత్రమే. మేస్త్రి బండ్లు బాగుచేయడు. ఎవరి బండి వాళ్ళే తెచ్చుకుని, ఎవరి పానా వాళ్ళే పట్టుకుని, ఆయన చేత తిట్లు తింటూ నేర్చుకుంటారు. మొదటి విద్యార్థి దర్జీ. మా మేనేజరు ఒకసారి నన్ను పిలిచి, "మీ వీధిలో ఆదివారాలు ఏదో నడుస్తోందట?" అని అడిగాడు. "అరగంట పనులండి" అని చెప్పాను. ఆపై ఆదివారం ఆయనా తన బండి తోలుకుంటూ వచ్చాడు.

ఒకరోజు మావయ్య డ్యూటీలో ఉండగా, నేను షెడ్డులో గాస్కెట్లు సైజుల వారీగా మేకులకి తగిలిస్తుంటే మేస్త్రి పిలిచాడు. మాట ఇప్పటికీ కొంచెం నెమ్మదే కానీ, వెతుక్కోవాల్సిన పని తగ్గింది.

"అమ్మాయ్, నీకో సంగతి చెబుతాను. మీ మావయ్యకి గాస్కెట్ పెట్టడం వచ్చు."

నా చేతిలో గాస్కెట్లు కింద పడ్డాయి.

"రెండో ఆదివారమే తెలిసింది నాకు. ఒక నట్టు మొదలంటా బిగించి ఇంకోటి వదిలేశాడు. పంపుహౌసులో ఇరవయ్యేడేళ్ళు చేసినవాడు నిద్రలో కూడా అలా చెయ్యడు. ముప్పయ్యేళ్ళుగా నా షెడ్డు గుమ్మం తొక్కని మనిషి, అందరూ చూస్తుండగా నా గేటు ముందు కూర్చుని తప్పు మీద తప్పు చేస్తున్నాడు, నా కోసం. నాకు ఏడుపొచ్చింది. వాడి ముందు ఏడవడం ఇష్టం లేక గాడిద అన్నాను."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే మానేస్తాడు. ఆ రోజు బండి చప్పుడు లేకుండా మోగితే అయిపోయింది నా పని అనుకున్నాను." కర్రతో నేల మీద చిన్నగా కొట్టి, "నువ్వూ చెప్పకు. పాపం, వాడి సరదా వాడిది" అన్నాడు.

చెప్పనని మాటిచ్చాను. ఇంతకు ముందు మావయ్యకీ ఇచ్చాను. ఇద్దరి మాటా కడుపులో పెట్టుకుని తిరగడం ఎంత కష్టమో నాకే తెలుసు, ముఖ్యంగా వాళ్ళిద్దరూ ఒకే బండి ముందు కూర్చుని ఒకరినొకరు మోసం చేసుకుంటుంటే.

మొన్న ఆదివారం పొద్దున్నే మావయ్య పనిముట్ల పెట్టె తీశాడు.

"ఇప్పుడేమైంది మావయ్యా?"

"సైలెన్సర్ దగ్గర చప్పుడు కొంచెం తేడాగా ఉందే."

చప్పుడుకి ఏమీ కాలేదు. బండి తేనెలా నడుస్తోంది.

"ఎంతసేపు పడుతుంది?"

"ఎంతసేపేమిటి, అరగంట."

రోడ్డు అవతల మేస్త్రి అప్పటికే రెండు స్టూళ్ళు వేసి కూర్చున్నాడు. అత్తయ్య లేచి వెళ్ళి పొయ్యి ఆర్పేసింది.